బకెట్లో జీపు బొమ్మ

నా కొడుకుకు నలభై ఆరేళ్లు. మడిస్తే బండి, విప్పితే మరమనిషి అయ్యే బొమ్మలు కొంటాడు. చిన్నప్పుడు కువైట్ నుంచి వచ్చిన పక్కింటాయన అలాంటి జీపు ఒకటి వాడికి ఇచ్చాడు. జమ్మలమడుగు దగ్గరి మా ఊళ్లో పార్టీల కొట్లాటలు ముదిరి, ఇల్లు వదిలి ప్రొద్దుటూరు వచ్చేసినప్పుడు అది అక్కడే ఉండిపోయింది. ఆ పాత బొమ్మలనే ఇప్పుడు కొత్తగా చేస్తున్నారట. వాడి అలమరలో పదిహేడు ఉన్నాయి, అన్నీ అట్టపెట్టెలతో సహా. జీపు కోసం ముందే డబ్బు కట్టి పద్నాలుగు నెలలు ఎదురుచూశాడు.

పోయిన మంగళవారం ఎవరో గడప ముందు ఒక పెట్టె పెట్టి, పిలవకుండా వెళ్లిపోయారు. ఊళ్లో ఉన్నప్పుడు అలాంటి పొట్లమే విప్పబోతే లోపల నాటుబాంబు పేలి మా మరిది చేయి పోగొట్టుకున్నాడు. అప్పుడు నా కొడుకు అరుగు మీదే ఉన్నాడు, ఎనిమిదేళ్లవాడు. ఆనాటి నుంచి తెలియని పొట్లం ఏది వచ్చినా గంటసేపు నీళ్లలో ఉంచేవాళ్లం. నేను పెట్టెను మెల్లగా బకెట్లో ముంచి, తేలకుండా పైన పళ్లెం పెట్టాను. భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు.

పన్నెండుకు కొడుకు భోజనానికి వచ్చాడు.

"ఏందిమా ఇది! నా జీపు! పెట్టె నానిపోతే ఇంగేముంది దాంట్లో? వంకాయలు కడిగినట్టు కడిగితివే!"

"పదకొండు ఇరవైకి ముంచినా. ఇంకా ఇరవై నిమిషాలు ఉండాల. తీయొద్దు."

బకెట్లోకి చేయి పెట్టబోయినవాడు ఆగాడు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. పన్నెండు ఇరవై దాకా ఇద్దరం ఆ నీళ్లనే చూస్తూ ఉన్నాం.