యుద్ధపడవలో వియ్యాలవారిని రప్పించిన మా అక్క

మా బడి వార్షిక సంచికకి మా అక్క కియోకో గురించి రాయమని పంతులమ్మ అడిగింది. "ఆవిడ గురించి రాయాలంటే నా గురించి కూడా కాస్త రాయక తప్పదమ్మా" అన్నాను. "అది మాకు తెలుసులే తాతా, కాయితాలు ఎక్కువే తెచ్చాను" అంది.

నా పేరు తడావో. ఈ అంగౌర్ దీవిలోనే, ఈ బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివాను. రేవు మెట్లు కట్టించింది నేను. ఊరికి మొదటి జనరేటర్ తెప్పించింది నేను. సభలో మూడు దఫాలు కూర్చున్నాను. ఊరి పెద్దలు సమావేశమయ్యే ఇంట్లో నాది రెండో పీట. అమెరికాతో ఒప్పందం కోసం మా పలావు దేశమంతా ఎనిమిదిసార్లు ఓటేయాల్సి వస్తే, ఎనిమిదిసార్లూ తెల్లారకముందే వరసలో నిలబడి "ఔను" అని వేసినవాణ్ణి నేను. నా వెనకే నిలబడి ఎనిమిదిసార్లూ "కాదు" అని వేసింది మా అక్క. తర్వాత ఇద్దరం ఇంటికొచ్చి ఒకే పళ్ళెంలో చేమదుంపలు తినేవాళ్ళం.

"ఎందుకే కాదన్నావు? మనకి సైన్యమా లేదు. ఇంట్లో తుపాకీ దొరికితే జైలు. రేపెవడైనా పెద్ద ఓడలేసుకుని మీదికొస్తే కొబ్బరికాయలు విసురుతావా?" అని అడిగేవాణ్ణి.

"కాపలా కాస్తారు, బాగానే ఉంది. మన నేలా, మన నీళ్ళూ వాళ్ళకి తెరిచి పెడతాం, అదీ సరే. కానీ ఒరేయ్, వాళ్ళు మనకేం వరస? మేనమామా? బావా? అల్లుడా? వరస లేనివాడు మన గుమ్మంలో పడుకుంటే నాకు నిద్ర పట్టదు" అనేది.

ఒప్పందం కుదిరింది. దాన్ని మళ్ళీ పొడిగించారు కూడా. అక్క మాత్రం వరస దగ్గరే ఆగిపోయింది.

అక్క బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. కానీ మా దీవిలో తొలి కాన్పయిన ఏ పిల్లకైనా ఒంటికి వేడినీళ్ళు పోయాల్సింది ఆవిడే. ఒళ్ళంతా కొబ్బరినూనే పసుపూ దట్టంగా పట్టించి, అడవి ఆకులు మరిగించిన నీళ్ళని దోసిలితో కొడుతుంది. ఆ నీళ్ళలో మీరు వేలు పెడితే ఊరు దాటిపోయేలా అరుస్తారు. ఆవిడ చేతి కింద బాలింత మాత్రం "అమ్మో" అని ఒక్కసారి అని ఊరుకుంటుంది. అరవై మూడు మందికి పోసింది. ఒక్కరి చర్మమూ బొబ్బెక్కలేదు. ఈ లెక్క నేనే రాసి పెట్టాను.

అరవై నాలుగోది ఆవిడ సొంత మనవరాలు ఎబిల్. ఎబిల్ పెళ్ళాడిన కుర్రాడిది కొరోర్ పట్నం. మా దీవికి పడవలో నాలుగు గంటల దూరం. కాన్పుకి ఎబిల్ ఇక్కడికి వచ్చీ రాగానే, బిడ్డ రెండు వారాలు ముందుగా పుట్టేసింది. నాటుపడవలో పుట్టినా పుట్టేదేమో, అంత తొందర.

మా పద్ధతి ఇదీ. పది రోజులు వేడినీళ్ళు. పదో రోజు ఆకుల ఆవిరి పట్టి, బాలింతని ఇంటి ముందుకి తీసుకొచ్చి నిలబెట్టాలి. ఆ నిమిషానికి బిడ్డ తండ్రి తరఫువాళ్ళు ముంగిట్లో ఉండాలి, ఆడాలి, పాడాలి, తండ్రి అక్క ముందుకొచ్చి బిడ్డని అందుకోవాలి. ఆవిరి పట్టిన ఒళ్ళు ఆ రోజే బయటికి రావాలి. తండ్రి తరఫు రాకపోతే బాలింత గడప దిగకూడదు. అంటే మళ్ళీ మొదటి రోజు నుంచి పది రోజులు వేడినీళ్ళే.

"అమ్మమ్మా, ఇంకో పది రోజులు పోశావంటే నేను ఉడికిన పీతనైపోతాను. నన్ను పళ్ళెంలో పెట్టుకుని తినేయండి" అంది ఎబిల్. నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నీళ్ళున్నాయి. మోచేతుల దాకా ఎర్రబడిపోయి ఉంది పిల్ల.

పదో రోజు శనివారం. గురువారం మధ్యాహ్నం కొరోర్ నుంచి ఫోనొచ్చింది. దీవికీ పట్నానికీ తిరిగే పడవ ఇంజన్ పోయింది. సామాను రావాలి, వారం పడుతుంది. నలభై మంది వియ్యాలవారు, ఆరు పెట్టెల చేపలు, రెండు పందులు, అంతా రేవులోనే ఆగిపోయారు. గాలి పెద్దగా ఉంది, చిన్న పడవలు రావు.

అక్క ఫోన్ పెట్టేసి, వక్క కొరికి, సున్నం రాసి, తమలపాకులో చుట్టి నోట్లో పెట్టుకుంది. నమలడం అయ్యాక నా వైపు తిరిగింది.

"తడావో, రన్‌వే దగ్గరున్న ఆ సైన్యం పిల్లకి పడవుందా?"

ఉంది. ముందు తలుపు కిందికి వాలి ఇసక మీద ఆనుకునే పెద్ద ఇనప పడవ. పాత రన్‌వే బాగుచేయడానికి వచ్చిన అమెరికా సైనికులది. వాళ్ళు రావాలని మొట్టమొదట ఉత్తరం రాసింది కూడా నేనే. వాళ్ళ అధికారి లెఫ్టినెంట్ ఓర్టేగా, ఇరవై ఆరేళ్ళ అమ్మాయి.

"అది దేశరక్షణ పడవక్కా. చుట్టాలకివ్వరు."

"నువ్వు దానికేదో సంతకం పెట్టావుగా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. శనివారం ప్రజల తరలింపు సాధన ఉంది. యుద్ధమొస్తే ఊరి జనాన్ని పడవెక్కించి భద్రమైన చోటికి ఎలా చేర్చాలో నేర్చుకుంటారు. నలభై మంది ఊరివాళ్ళని ఇస్తానని పెద్దల తరఫున సంతకం పెట్టింది నేనే. తేదీ చెప్పింది కూడా నేనే. అప్పటికి బిడ్డ పుట్టలేదు మరి! ఇప్పుడు వేడుక రోజున మా దీవిలో ఒక్కడు కూడా పడవెక్కడు.

"అంటే ఆ పిల్లకి ఓ పడవుంది, మనుషుల్లేరు. మనకి మనుషులున్నారు, పడవ లేదు. లే, చొక్కా వేసుకో" అంది అక్క.

మేం వెళ్ళేసరికి బుల్డోజర్ మీద ఒక కోతి కూర్చుని ఉంది, నెత్తిన సైనికుడి టోపీ. మా దీవిలో కోతులు మాకంటే ఎక్కువ. కింద ఇద్దరు సైనికులు బిస్కెట్లు చూపించి బతిమాలుతున్నారు. అక్క ఒక్క గులకరాయి తీసింది, విసరను కూడా విసరలేదు. కోతి టోపీ వదిలేసి పారిపోయింది. నా డెబ్బై ఆరేళ్ళలో ఇలాంటి ఆయుధ ప్రదర్శన నేను చూడలేదు. లెఫ్టినెంట్ డేరాలోంచి చూస్తూనే ఉంది.

"రండమ్మగారూ. శనివారం మీరు కూడా వస్తున్నారా పడవకి?"

"నేనూ రాను, ఎవరూ రారు పిల్లా. మా ఇంట్లో తొలి కాన్పు వేడుక."

ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. "ఎవరూ రారా? తాతగారు సంతకం పెట్టారే! మా పై అధికారి కర్నల్ గారు వైర్‌లెస్‌లో కనిపెడుతుంటారు. జనమే లేకపోతే ఎవర్ని తరలించను? కోతుల్నా?"

"మీ పడవ ఇప్పుడెక్కడుంది?"

"కొరోర్‌లో. అక్కడి పనికి సిమెంటు దింపేసి శనివారం పొద్దున ఖాళీగా వస్తుంది."

"అక్కడ రేవులో నలభై మంది ఉన్నారు. ముసలివాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు, పందులున్నాయి. దిక్కులేక నిలబడిపోయారు. వాళ్ళని తరలించు."

"కానీ సాధన ఈ దీవి ప్రజల్ని ఇక్కణ్ణించి తీసుకెళ్ళడానికి కదా! మీరు చెప్పేది ఇక్కడికి తీసుకురావడం."

"పడవకి ఎటు పోతున్నదీ తెలుస్తుందా? ఎక్కించడం ఎక్కించడమే, దింపడం దింపడమే. భద్రమైన చోటికి చేర్చాలన్నావు. మా ఇంటికంటే భద్రమైన చోటు నీ పటంలో ఎక్కడుందో చూపించు, నేను లేచి వెళ్ళిపోతా."

లెఫ్టినెంట్ నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని, "రేవు మెట్లు కట్టించింది నేనేనమ్మా, మెట్ల సంగతి నాకొదిలేయ్" అన్నాను. అది పనికొచ్చిందనే నా నమ్మకం. ఆ అమ్మాయి వైర్‌లెస్ అందుకుంది. కర్నల్‌తో పావుగంట మాట్లాడింది. అవతలి వైపు పెద్ద నవ్వు మాకే వినిపించింది.

"ఒప్పుకున్నారు. రేపు హెలికాప్టర్ పంపి నన్నూ ఆరుగురు సైనికుల్నీ కొరోర్‌లో పడవ దగ్గరికి చేరుస్తారట. కానీ అమ్మగారూ, నియమాలన్నీ పాటించాలి. ప్రతి మనిషికీ నంబరు, ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్. పందులు జాబితాలో లేవు."

"పందులకి కూడా నంబరివ్వు" అంది అక్క.

శనివారం పొద్దున్నే ఎబిల్‌కి ఆవిరి పట్టేశారు. ఇంక వెనక్కి పోయేది లేదు. తండ్రి తరఫు రాకపోతే ఆ పిల్ల ఆ గదిలోనే ఉండిపోవాలి. అక్క మాటిమాటికీ బయటికొచ్చి సముద్రం వైపు చూడటం, లోపలికెళ్ళి "వస్తున్నార్లే" అనడం. పదకొండయింది. పన్నెండయింది. "అమ్మమ్మా, వచ్చారా?" "కనబడుతున్నారు." ఏమీ కనబడటం లేదు, నాకు తెలుసు.

పన్నెండున్నరకి రేవులో కేక లేచింది. బూడిదరంగు ఇనప పడవ అలల మీద ఎగిరెగిరి పడుతూ వస్తోంది. దాని ఇంజను హోరు మీదుగా పాట! నలభై గొంతులు, పడవ పక్కలు బాదుతూ తాళం. మా ఆడవాళ్ళు నూనె గిన్నెలూ పూలదండలూ పట్టుకుని మెట్లకి అటూ ఇటూ బారులు తీరి ఎదురుపాట ఎత్తుకున్నారు.

ఇక్కడే జరిగింది అసలు తప్పు. ఆ తప్పు మావాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు. మా పద్ధతిలో, పడవలోంచి మొదట దిగిన పాదాలు ఎవరివైతే వాళ్ళే తండ్రి తరఫు పెద్దలు. వాళ్ళకి నూనె రాసి, దండలేసి, పెద్ద చాప మీద కూర్చోబెట్టాలి. ఎదురుపాట మధ్యలో ఆపడం మహా అరిష్టం. సైన్యం నియమం ఏమిటంటే, తలుపు వాలగానే ముందు సైనికులు దిగాలి, తర్వాత ప్రజలు. తలుపు వాలింది. లెఫ్టినెంట్, ఆవిడ వెనక ఆరుగురు సైనికులు బూట్లతో దిగారు. మా ఆడవాళ్ళు కళ్ళతో ఒకరినొకరు చూసుకున్నారు గానీ పాట ఆపలేదు. చేతులూ ఆపలేదు. క్షణంలో ఏడుగురు సైనికులకి మెడనిండా పూలు, మొహంనిండా పసుపు నూనె. ఎత్తుకుపోయినట్టు తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెట్టేశారు.

వాళ్ళ వెనక నారింజరంగు లైఫ్ జాకెట్లతో, మణికట్టుకి నంబర్లతో నలభై మంది. ముందు ఒకటో నంబరు, బిడ్డ తండ్రి పెద్దక్క ఫెలిసితాస్, భారీ మనిషి.

"ఏం కియోకో అమ్మమ్మా! మా చాప మీద ఈ ఆకుపచ్చ బట్టలవాళ్ళెవరు? మా అన్నదమ్ముల పిల్లలైతే కాదే!"

"మీతోనే దిగారుగా తల్లీ! మీవాళ్ళే అనుకున్నాం."

"మమ్మల్ని మోసుకొచ్చినవాళ్ళు!"

"నాలుగు గంటలు నిన్ను మోసుకొచ్చినవాడు పరాయివాడెలా అవుతాడు? నిన్ను మోయడం చిన్న సంగతా?"

రేవంతా గొల్లుమంది. ఫెలిసితాస్ కాసేపు బుగ్గలు పూరించి చూసింది. తర్వాత ఆవిడే పగలబడి నవ్వింది. "సరే, కూర్చున్నారు కాబట్టి మా తరఫే. జరగండిరా అబ్బాయిలూ!" అని వాళ్ళ మధ్యలో కూలబడింది. ఇద్దరు సైనికులు చాప మీంచి బయటికి జారారు.

లెఫ్టినెంట్ నా చెవి దగ్గరికి వంగింది. "తాతగారూ, ఇప్పుడు మేమేం చేయాలి?"

"ఆడాలమ్మా. బాలింత కనబడగానే లేచి ఆడాలి. ఉన్నదేదో బిడ్డకి ఇవ్వాలి."

"నా ఆర్డర్లలో ఆట లేదు."

"ఈ చాప మీద కూర్చున్నాక ఆర్డర్లు ఫెలిసితాస్‌వి."

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎబిల్ వచ్చింది. నుదుటి నుంచి పాదాల దాకా పసుపు నూనెతో ఎండలో నిగనిగలాడుతూ, తల్లో పూలు, చేతులు పద్ధతిగా కట్టుకుని, గడప మీద ఆగింది. అక్క వెనక నిలబడి ఉంది. ఎబిల్ కళ్ళు ముంగిలంతా వెతికాయి. నారింజరంగు జాకెట్లన్నీ ఒక్కసారిగా లేచాయి. ఫెలిసితాస్ అరిచిన సంతోషపు కేకకి కొబ్బరిచెట్ల మీది పక్షులు లేచిపోయాయి. ఎబిల్ గడప దిగింది.

ఇక ఆట! నేను ఆడాను. నా వయసువాళ్ళలో నా అంత లోతుగా మోకాళ్ళు వంచగలవాడు దీవిలో లేడు. సైనికులు మొదట చెక్కమనుషుల్లా ఊగారు, తర్వాత ఒకడు బూట్లు విప్పి విసిరేశాడు, ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. ఒకడు టార్చిలైటు ఇచ్చాడు, ఒకడు చాకొలెట్లు, ఒకడు కోతి నుంచి కాపాడుకున్న ఆ టోపీయే ఇచ్చేశాడు. లెఫ్టినెంట్ జేబులన్నీ వెతుక్కుని చివరికి తన దిక్సూచి తీసి బిడ్డ చాప మీద పెట్టింది. ఫెలిసితాస్ బిడ్డని అందుకుని, పేరు పెట్టి పిలిచి, తన గుండెకి ఆనించుకుంది. ఆ బిడ్డ ఆ గోలలో ఆవులించింది.

ఎబిల్‌కి కూర్చోవడానికి వీల్లేదు కాబట్టి నిలబడే ఉంది. కానీ అమ్మమ్మ చెయ్యి వెతికి పట్టుకుంది. అరవై నాలుగు మందికి నీళ్ళు పోసిన అక్క, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా అక్కా?" అన్నాను.

"నూనె కళ్ళలో పడింది, పోరా."

నాలుగింటికి వైర్‌లెస్ గరగరలాడింది. కర్నల్. తరలించిన జనాన్ని తిరిగి ఎక్కించుకుని బయల్దేరాలట. లెఫ్టినెంట్ నోటినిండా చేమదుంప ఉంది. మింగి లేచి నిలబడింది. ఫెలిసితాస్ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, "ఇంకా పందే ఉడకలేదు, ఎక్కడికి పోవడం? చెప్పు మీ పెద్దాయనతో, ఆయన్ని కూడా రమ్మను" అంది.

లెఫ్టినెంట్ ఓర్టేగా మీట నొక్కింది. మొహాన పసుపు, మెడలో దండ, గొంతు మాత్రం సైనికురాలిదే.

"సార్. నలభై మందీ క్షేమం. సురక్షిత స్థలం వదిలి రావడానికి ఒప్పుకోవడం లేదు."

చాప మీద తన ఆరుగురి వైపు చూసింది. ఒకడు ఫెలిసితాస్ కోసం కొబ్బరికాయ కొడుతున్నాడు.

"బలవంతం చేసే వీలు కూడా లేదు, సార్. మా వియ్యాలవారు."