హేబర్లేగారి ఫిర్యాదులు

మూసిన తలుపు కనిపిస్తే హేబర్లేగారు తట్టకుండా ఉండలేరు. ఆ తలుపు తెరుచుకుంటే ఫిర్యాదు చేయకుండా ఉండలేరు. ఆయనకున్న జబ్బు అదొక్కటే.

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, రాత్రీ పగలూ లారీలు ఆగని రోడ్డు మీద, ఆ నాలుగంతస్తుల ఇల్లు. అందులో తొమ్మిది కాపురాలు. మెట్లు తడిగా ఉంటే జారి పడతామని ఫిర్యాదు, పొడిగా ఉంటే కడగలేదని ఫిర్యాదు. మెట్లు తుడిచే వంతు ఎవరిదైతే వాళ్ల గుమ్మానికి వారం పాటు ఒక చెక్కపలక వేలాడుతుంది. ఆ పలక వంకరగా ఉందని ఫిర్యాదు, తిన్నగా ఉంటే దాని మీద దుమ్ముందని ఫిర్యాదు. చెప్పాల్సింది చెప్పాక జేబులోంచి నల్ల పుస్తకం తీసి, అవతలివాళ్ల ముందే ఏదో రాసుకుని వెళ్లిపోయేవారు. అదంతా ఇంటి యజమానికి చేరవేయడానికేనని అందరికీ గట్టి నమ్మకం.

ఆయన నలభై రెండేళ్లు ఊళ్లో పొగగొట్టాలు ఊడ్చారు. ఆ రోజుల్లో ఆయన నల్లకోటు గుండీ ముట్టుకుంటే అదృష్టం కలిసొస్తుందని జనం ఎదురెళ్లి మరీ ముట్టుకునేవారు. ఇప్పుడు మెట్ల మీద ఆయన దగ్గు వినబడితే చాలు, ఇంట్లో ఉన్నవాళ్లు లేనట్టు ఊపిరి బిగబట్టి కూర్చోవడమే అదృష్టం.

కిటికీల గొడవ వేరే. పొద్దున్నే కిటికీలు బార్లా తెరిచి గాలి మార్చడం అక్కడివాళ్లకు పళ్లు తోముకోవడం లాంటిది. హేబర్లేగారు సరిగ్గా ఆ వేళకే వచ్చి, తెల్ల చేతిరుమాలుతో వాళ్ల కిటికీ గట్టు తుడిచి, ఆ నలుపు ముక్కు దగ్గర పెట్టి చూపించేవారు.

"ఇదిగో, ఇదే మీ ఊపిరితిత్తులకి ఇవాళ్టి టిఫిను. లారీలు తగ్గేదాకా మూసెయ్యండి."

"మా గాలి మా ఇష్టం!"

"ఈ ఊరి పొగలో సగం నేనే పీల్చేశాను కదండీ. మిగిలిన సగం మీకెందుకు?"

పై అంతస్తులో, పెంకుల కింద రెండు ఇళ్లు. ఒకదాంట్లో ఎదురుగా ఉన్న రొట్టెల కొట్లో పనిచేసే తబేయా ఉంటుంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, ఉబ్బసం మనిషి. ఆ ఇంట్లో చేరి రెండేళ్లయినా ఎవరితోనూ పది మాటలు మాట్లాడి ఎరగదు. రెండో ఇంట్లో ఎనభై నాలుగేళ్ల మెర్గెల్‌గారు ఒంటరిగా ఉంటారు. పది మాటలు ఆవిడకు ఒక్క తిట్టుకే చాలవు. తబేయా తలుపు వెనక నిలబడి రోజూ ఆ సంబడం వింటూ ఉండేది.

"మెర్గెల్‌గారూ, మీ పూలకుండీ నీళ్లు నా కిటికీ మీద కారుతున్నాయి."

"కారనీ! ఆ వంకనైనా నీ కిటికీ తడుస్తుంది, ముసలి మేకపోతా!"

"ఈ వారం మెట్ల వంతు మీది."

"పోయిన వారమేగా తుడిచాను! లెక్క రాని గాడిదా, పో, పోయి ఏ పొగగొట్టంలోనైనా దూరు!"

హేబర్లేగారు తృప్తిగా పుస్తకంలో రాసుకుని, ఇవతలి తలుపు తట్టేవారు.

"అమ్మాయ్, నీ చెప్పులు దారికడ్డంగా ఉన్నాయి."

తబేయా మాట్లాడకుండా చెప్పులు లోపలికి జరిపేది. ఆయన కలం పట్టుకుని కాసేపు ఎదురుచూసేవారు.

"ఏమీ అనవా?"

తల అడ్డంగా ఊపేది. ఆయన నిట్టూర్చి దిగిపోయేవారు. గంటన్నరకల్లా మళ్లీ తలుపు చప్పుడు. ఈసారి కాళ్లు తుడుచుకునే పట్టా వంకరట.

జులైలో ఎండ ముప్పై ఏడు డిగ్రీలు దాటింది; ఆ చలి ఊరికి అది నిప్పులవానే. గిన్నెలాంటి లోయలో ఉన్న ఊరేమో, గాలి అడుగంటిన పప్పులా కదలక నిలిచిపోయింది. పెంకుల కింది గదులు పొయ్యిలయ్యాయి. ఎండతో పాటే హేబర్లేగారూ ముదిరారు. రోజుకు రెండుసార్లు తట్టేవారు నాలుగుసార్లు తట్టడం మొదలుపెట్టారు. రెండో అంతస్తులో, ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకునే రాప్‌కు ఇక ఓపిక నశించింది. యజమానికి ఒక ఉత్తరం తయారుచేశాడు: హేబర్లే తలుపులు తట్టడం మానాలి, లేదా ఇల్లు ఖాళీ చేయాలి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఉన్న ఇల్లు. మెర్గెల్‌గారు కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టారు. తబేయా తప్ప అందరూ పెట్టేశారు.

"నీదొక్కటే తక్కువమ్మా. శుక్రవారం నాలుగింటికి వచ్చి తీసుకెళ్తా," అని రాప్ ఆ కాగితం తబేయా చేతిలో పెట్టాడు. ఆ పిల్లకు పెట్టాలనీ లేదు, పెట్టనని చెప్పే నోరూ లేదు. రొట్టె బుట్ట కింద దాచింది.

శుక్రవారం నాలుగింటికి రాప్ రానే వచ్చాడు. తబేయా ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో నీళ్లు నములుతూ ఉండగా హేబర్లేగారు దగ్గుకుంటూ మెట్లెక్కి వచ్చి మెర్గెల్‌గారి తలుపు తట్టారు. చాలాసేపటికి తెరుచుకుంది.

"మెర్గెల్‌గారూ, మీ కుండీ నీళ్లు..."

"అయ్యో, పొరపాటైంది నాయనా. క్షమించు," అంది ముసలావిడ మెత్తగా. "నువ్వు ఎంత మంచివాడివి!"

హేబర్లేగారి ముఖం తెల్లబోయింది. చేతిలోని పుస్తకం జారి పడింది.

"రాప్! అంబులెన్సుకి ఫోన్ కొట్టు! ఈవిడ నాకు క్షమాపణ చెప్పింది!"

"సంతోషించండి మరి. ఇన్నాళ్లకి..."

"ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి చెప్పలేదయ్యా! ఎండ తలకెక్కింది, ఫోన్ కొట్టు! అమ్మాయ్, తడిగుడ్డలు!"

ముసలావిడ గోడకు జారబడిపోయింది. ఒళ్లు కాలుతోంది, చెమట చుక్క లేదు. హేబర్లేగారు, రాప్ కలిసి ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి కింది అంతస్తుకు, హేబర్లేగారి గదికి మోసుకెళ్లారు. పొద్దున్న ఏడింటి నుంచే కిటికీలన్నీ మూసి ఉంచిన గది, నేలమాళిగలా చల్లగా ఉంది. తబేయా మెడకూ చేతులకూ తడిగుడ్డలు చుట్టింది. గాలి విసరడానికి ఏమీ దొరక్క రాప్ ఆమె దగ్గరున్న కాగితం లాక్కుని విసిరాడు. అది తను రాసిన ఉత్తరమేనని అంబులెన్సు వెళ్లాక గాని చూసుకోలేదు. అప్పటికది తడిసి, సంతకాలన్నీ కలిసిపోయి ఒకే మరకైంది.

ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదని అంబులెన్సువాళ్లు చెప్పి వెళ్లారు.

పైకెళ్లిన తబేయాకు మెర్గెల్‌గారి గుమ్మం ముందు నల్ల పుస్తకం దొరికింది. తెరిచి ఉన్న పేజీ మీద కన్ను పడనే పడింది.

'మెర్గెల్. పొద్దున 9: మేకపోతు, గాడిద. గొంతు గట్టిగా ఉంది. బాగుంది. మధ్యాహ్నం 1: మేకపోతు మాత్రమే. గమనించాలి.'

'రాప్: చట్టం మాట్లాడాడు. దుక్కలా ఉన్నాడు.'

చివర్న తన సంగతి: 'పై అంతస్తు పిల్ల. ఉబ్బసం. ఏమీ అనదు, కాబట్టి ఏమీ తెలియదు. రెండింతలు తట్టాలి.'

వెనకే వచ్చిన రాప్ కూడా ఆమె భుజం మీదుగా అంతా చదివాడు. కిందికి దిగి, "ఒంట్లో ఎలా ఉందని నేరుగా అడగొచ్చుగా, హేబర్లేగారూ?" అన్నాడు.

"అడిగాగా, మూడేళ్ల కింద. 'నా ఒంటితో నీకేం పని?' అని ముఖం మీదే తలుపేశారు, తమరితో సహా. అదే మెట్ల సంగతి ఎత్తానా, మంచాన ఉన్నవాడు కూడా లేచొచ్చి అరగంట వాదిస్తాడు."

రాప్ తను తెచ్చిన పుస్తకాన్ని దుమ్ము దులిపి ఆయన చేతిలో పెట్టాడు.

వారానికి మెర్గెల్‌గారు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చారు. మర్నాడు పొద్దున హేబర్లేగారు తలుపు తట్టారు. ఇల్లిల్లూ మెట్ల వైపు చెవులు రిక్కించింది.

"మెర్గెల్‌గారూ, వారం రోజులుగా మీ పలక మీద దుమ్ము."

"నేను చావుదాకా వెళ్లొస్తే నీకు పలక కావాల్సొచ్చిందా, మసిగొట్టు ముసలి మేకపోతా! గాడిదా!"

కింది అంతస్తుల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

తర్వాత ఇవతలి తలుపు. "అమ్మాయ్, నీ చెప్పులు..."

తబేయా తలుపు అంచు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని అనేసింది:

"నా చెప్పులు నా ఇష్టం! మీ... మీ పని మీరు చూసుకోండి, బొగ్గు తాతా!"

హేబర్లేగారు కలం తీశారు. ముఖం చేటంతయింది. కాని పుస్తకంలో రాస్తున్నంతసేపూ కనుబొమలు ముడిచే ఉంచారు.

"మాట బాగానే ఉంది. గొంతులోనే కాస్త పిల్లికూతలు," అన్నారు. "కిటికీ మూసెయ్. సాయంత్రం మళ్లీ వస్తా, ఇంకాస్త గట్టిది ఆలోచించి పెట్టు."