ఎడమ చెవిలో మోగిన క్రిస్టల్

దెయ్యాలున్నాయా లేవా అని ఎవరన్నా అడిగితే, నాకు పన్లుండాయి పోండప్పా అనే రకం నేను. చిన్నప్పటి నుంచి అంతే. నిమ్మకాయ తొక్కొద్దని, సందేళ తల దువ్వొద్దని మా అవ్వ ఎన్ని చెప్పినా తలకాయ ఊపి నా పని నేను చేసుకుంటాంటి. ఇప్పుడు చెప్పేది కూడా దెయ్యం కత అని నేననను. పట్టపగలు, ట్యూబులైట్ల కింద, ఏసీ గదిలో జరిగింది. పక్కన ఇంకొక మనిషి ఉండాది. దాన్ని ఏమనాలో తెలీక రాస్తాండా.

నేనుండేది ధర్మవరంలో. పొద్దున్నే రైలెక్కి హిందూపురం పోతా. ఊరి బయట ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో నా పని. సాయంత్రం మళ్లీ రైలు, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి. ఏండ్ల తరబడి ఇదే బతుకు. మధ్యలో పెనుకొండ వస్తాది, అది నా పుట్టిల్లు. మా నాయన ఉన్నన్నాళ్లు అప్పుడప్పుడు ఆడ దిగి చూసి పోతాంటి. ఆయన పోయి రెండేండ్లు దాటింది. ఇప్పుడు ఆడ దిగే పని లేదు, రైలు ఆగితే కండ్లు మూసుకుని కూచుంటా.

మా ల్యాబు పని రొంత చెప్పాల, లేకుంటే జరిగింది అర్థం కాదు. విమానాల్లో పెట్టే బోర్డులకు ప్రత్యేకంగా పార్టులు చేయించాలంటే నెలల తరబడి కాచుకోవాల. అంత ఓపిక లేక కంపెనీలోళ్లు మామూలు మార్కెట్టు సరుకే కొంటారు. టీవీల్లో, కరెంటు మీటర్లలో వేసే రకమే. దాన్ని మాకు పంపితే మేము కాల్చి, చలిలో పెట్టి, కుదిపి, కొత్త కోడలికి పెట్టినన్ని పరీక్షలు పెట్టి, తట్టుకున్యదాన్ని పైకి పంపొచ్చని రాసిస్తాం.

అందులో నాది వినే పని. కొన్ని పార్టులు లోపల బోలుగా ఉంటాయి. మూత వేసేటప్పుడు ఇసుక రవ్వంత లోహపు ముక్క లోపల ఉండిపోయిందనుకోండి, నేల మీద దాంతో ఏం కాదు. పైన విమానం అదురుకు అది ఎగిరెగిరి రెండు తీగల మధ్య పడితే బోర్డు ఆగిపోతాది. ఆడికి పోయి రిపేరు చేసేదెవరు? అందుకే ప్రతి పార్టునూ ఒక అదిరే బిళ్ల మీద జిగురుతో అంటించి కుదుపుతాం. లోపల ముక్కుంటే హెడ్‌ఫోన్లో టిక్కుమంటాది, ఎదురుగా స్క్రీను మీద గీత ఎగురుతాది. మోగితే రిజెక్టు. మోగకపోతే పాసు.

ఈ పని నాకు అబ్బిందంటే మా నాయన వల్లనే. ఆయన హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో దారం తీసే వాళ్ల తరఫున గూళ్లు చూసి కొనేవాడు. కుప్పలోంచి ఒక గూడు తీసి, ఎడమ చెవి దగ్గర పెట్టుకుని, రెండు వేళ్లతో మెల్లగా ఆడించేవాడు. లోపల పురుగు లొడలొడమని మెత్తగా మోగితే మంచి గూడు. మోగకపోతే పురుగు లోపలే చచ్చి, తడికి గూటికి అంటుకుపోయినట్టు లెక్క. సెలవుల్లో నన్ను కూడా ఎంబడి పిల్చుకుపోయి నా చెవి దగ్గర పెట్టి ఆడించేవాడు. ఎడమ చెవే. కుడి చెవి బేరాలకంట, ఎడమ చెవి గూళ్లకంట. ఆయన లెక్కలు ఆయనవి.

ల్యాబులో చేరిన కొత్తలో నాకు అదే చిక్కు. మోగినదాన్ని మంచిదాని పక్క పెట్టేస్తాంటి. సారు నవ్వేవాడు. సారంటే ల్యాబు ఓనరు. ఇంటికి పోయి నాయనకు చెప్తే ఆయన నోరు తెరిచినాడు.

"అదేం కంపెనీ అమ్మే, మోగేదాన్ని పారేస్తారా?" అన్యాడు.

ఆ మాట చెప్పుకుని మా ఇంట్లో శానా రోజులు నవ్వుకున్యాం.

పోయినేడు చలికాలంలో నాకు జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది, ఎడమ చెవి మాత్రం పోయింది. గుయ్యిమని కూడా లేదు, గోడకు చెవి ఆనించినట్టు ఉండాది. డాక్టరు పరీక్ష చేసి, నరం పోయిందమ్మా, ఇంక రాదు అని చెప్పేసినాడు. వినే పని చేసేదానికి చెవి పోతే ఇంకేముంటాది? ఆ రోజు రైల్లో ఏడ్చినా. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో అని కూడా అనిపించల్యా, అంత అలసిపోయిన్యా.

దాచి పెట్టే పని కాదు కాబట్టి మరుసటి రోజే సారుకు చెప్పేసినా. ఆయన శానాసేపు తల గోక్కున్యాడు. చివరికి ఇట్ల అన్యాడు.

"ఒక పని చేద్దామమ్మా. ఇప్పుడొచ్చిన క్రిస్టళ్ల లాటు నువ్వే విను. పక్కన ఇంకో హెడ్‌ఫోన్ పెట్టుకుని సలోమి కూడా వింటాది. చివరి దాకా మీ ఇద్దరి మాటా ఒకటే అయితే కుర్చీ నీదే. ఒక్కదాని మీద తేడా వచ్చినా సలోమిని కూచోబెట్టాల్సి వస్తాది. మనమిచ్చే కాయితం నమ్మి వాళ్లు పైకి ఎగరేస్తారు గదమ్మా."

న్యాయమైన మాటే. సలోమి మా ల్యాబులోనే వేరే టేబుల్ దగ్గర పనిచేసే ఆమె, కొత్తచెరువు దిక్కు నుంచి వస్తాది, ఇద్దరు పిల్లల తల్లి. నా కుర్చీ మీద ఆశపడే మనిషి కాదు. వద్దక్కా నాకీ తంటా అని కూడా అనింది. కానీ నాకు తెలిసిన విద్య అదొక్కటే. కుర్చీ పోతే ఈ వయసులో కొత్తగా ఏం నేర్చుకోను?

క్రిస్టలంటే గోరంత ఇనప డబ్బీ, లోపల సన్నగా అదిరే స్ఫటికం రేకు. గడియారం మాదిరి బోర్డు మొత్తానికీ లెక్క తప్పకుండా తాళం వేస్తాది. అది ఆగితే అన్నీ ఆగినట్టే. లాటంతా ఒకే కంపెనీ, ఒకే ముద్ర, ఒకే చుట్టలో వచ్చిన సరుకు. మొదలుపెట్టినాం. నాకు కుడి చెవి చాలు, గీత ఎట్లాగూ కనపడతానే ఉండాది. రోజులు బాగానే గడిచినాయి. ఏదీ మోగల్యా, మా మాట ఎక్కడా తేడా రాల్యా. పెట్టెలో కొన్నే మిగిలినాయి. ఇంక గట్టెక్కినట్టే అనుకున్యా.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూచున్యాం. ఒక క్రిస్టల్ అంటించి బిళ్ల ఆన్ చేసినా. లొడలొడమని మోగింది.

ఎడమ చెవిలో.

చెవి తిరిగొచ్చిందేమో అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కానీ గది చప్పుడు, ఏసీ రొద, సలోమి ఊపిరి ఏవీ ఆ పక్క నుంచి రాల్యా. అదొక్కటే వస్తాండాది. అది లోహపు ముక్క టిక్కు కాదు, ఆ టిక్కు నాకు నిద్రలో కూడా తెలుసు. మెత్తగా, ఆగి ఆగి, చేత్తో ఆడించినట్టుండాది. మా బిళ్ల అట్ల ఆగి ఆగి కుదపదు, అది ఒకటే పోత. స్క్రీను మీద చూస్తే గీత అలికినట్టు చదునుగా ఉండాది.

"నీకేమన్నా ఇనపడిందా?" అని సలోమిని అడిగినా.

"లేదే. ఏమక్కా, మొగం అట్ల పెట్నావు?"

నేను చేసిందంతా చెప్తా, మీరే చూసుకోండి. హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకున్యా, కుడిది ఎడమకు, ఎడమది కుడికి. అప్పుడూ ఎడమ చెవిలోనే మోగింది. హెడ్‌ఫోన్ తీసేస్తే ఆగిపోయింది. స్టోరు నుంచి కొత్త హెడ్‌ఫోన్ తెప్పించినా, మార్పు లేదు. ఆ క్రిస్టల్ తీసి ఇంకొకటి పెడితే ఏమీ లేదు. మళ్లీ దాన్నే పెడితే మోగింది. ఆఖరికి నేను గోడ దిక్కు తిరిగి కూచుని, సలోమిని దాని ఇష్టమొచ్చినట్టు మార్చి మార్చి పెట్టమన్యా. ఒక్కసారి కూడా నేను తప్పు చెప్పల్యా. సలోమి మొగం తెల్లబోయింది. మెడలో సిలువ పట్టుకుని కూచునింది.

"అక్కా, నేనెవరికీ చెప్పను. గీత చదునుగానే ఉండాది. పాసని రాసేయ్. నీ కుర్చీ పోగొట్టుకోవద్దు" అనింది.

రాసేయొచ్చు. రాసేద్దామని చెయ్యి పోయింది కూడా. కానీ ఇన్నేండ్లు నేను కూడబెట్టుకున్యది ఏమన్నా ఉంటే ఆ ఒక్కటే, మోగినదాన్ని పాసు చేయల్యా. పైన కూచున్న పైలట్టు ఎవరి కొడుకో. నా చెవి చెడిందా, పార్టు చెడిందా అనే అనుమానం వచ్చినప్పుడు పార్టునే పక్కన పెట్టాల. అదే మా పద్ధతి. రిజెక్టు అని చెప్పి సారును పిలిచినా.

ఆయన వచ్చి విన్యాడు, గీత చూసినాడు, సలోమిని అడిగినాడు. నాకేం ఇనపడల్యా సార్ అనిందామె. ఏ చెవిలో మోగిందమ్మా అని నన్నడిగినాడు. ఎడమ చెవిలో అని చెప్పినా. ఆయన కోప్పడల్యా. నా భుజం మీద చెయ్యి వేసి, పోయి టీ తాగిరా అన్యాడు. వచ్చేసరికి నా కుర్చీలో సలోమి కూచుని కండ్లు తుడుచుకుంటాండాది.

నన్ను వచ్చిన సరుకు చూసే టేబుల్ దగ్గరికి మార్చినారు. జీతం అదే, నా మీద ఎవరికీ కోపం లేదు. నాకే దేని మీదా మనసు లేదు.

తర్వాత ఆ లాటు చలి పరీక్షకు పోయింది. పైన అంత ఎత్తులో ఉండే చలిని పెట్టెలో పుట్టించి, దాంట్లో క్రిస్టల్ నడుస్తాదా లేదా చూస్తారు. అన్నీ ఆగిపోయినాయి. ఒకటి ముందు, ఒకటి వెనక, ఒక్కటీ నిలబడల్యా. బెంగళూరుకు పంపి కోసి చూపిస్తే, మూత వేసేటప్పుడే లోపల తడి చేరిందని, చలికి అది గడ్డకట్టి, లోపల అదిరే క్రిస్టల్‌కు అంటుకుపోతాందని చెప్పినారు. లాటు మొత్తం పనికిరాదని రాసిచ్చినాం.

సారుకు ఏం తోచిందో, నేను పక్కన పెట్టించిన దాన్ని తీసుకపోయి చలి పెట్టెలో పెట్టినాడు. అది నడిచింది. మళ్లీ మళ్లీ పెట్టినాడు, నడిచింది. నన్ను పిలిచి చూపించినాడు. గీత బంగారం మాదిరి ఆడతాండాది.

"లాట్లో ఒకటి బాగుండడం వింత కాదులేమ్మా, అప్పుడప్పుడు అట్ల తప్పించుకుంటాయి" అన్యాడు. పెట్టె మూత వేస్తా, "నువ్వు దాన్నే ఎట్ల పట్టుకున్యావో నాకు తెలీదు. రిపోర్టులో మాత్రం ఏమని రాసేది చెప్పు" అన్యాడు.

ఒకటి తప్పించుకునిందని రాయండి సార్ అన్యా. ఆయనకు గూళ్ల సంగతి తెలీదు. తడిసింది మోగదు, పొడిగా ఉండేదే మోగుతాది. అన్ని చచ్చిన గూళ్లలో మంచిది ఇదొక్కటేనే అని ఎవరో నా చెవి దగ్గర పెట్టి ఆడించి చూపించినారు. నేను ల్యాబు బుద్ధితో రిజెక్టు చేసేసినా.

పనికిరాదని రాసిన పార్టులు మళ్లీ మార్కెట్టుకు పోకుండా నలిపేయాల, అది రూలు. లాటు మొత్తం పోయింది కాబట్టి అదీ పోవాల్సిందే. నేనే నలిపేస్తా సార్ అని అడిగి తీసుకున్యా. ప్రెస్సు కింద పెట్టే ముందు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎడమ చెవి దగ్గర ఆడించినా. ఏమీ లేదు. శానాసేపు ఆడించినా. కుడి చెవి దగ్గర కూడా పెట్టి చూసినా. ఆఖరికి పిడి తిప్పేసినా. చిన్నగా పట్‌మనింది, అంతే. "మోగేదాన్ని పారేస్తారా" అన్న మాటకు నవ్వుకున్యాం అన్యా కదా, ఇప్పుడు అది గుర్తొస్తే నవ్వు రాదు.

మా ఆయన, జ్వరం తర్వాత నరాలు అట్లే చేస్తాయిలే అంటాడు. సలోమి ప్రార్థన చేయిస్తానంటాది. డాక్టరును అడిగితే, పోయిన చెవిలో చప్పుళ్లు రావడం మామూలే అన్యాడు. సరే. కానీ ఆ ఒక్కదానికే ఎందుకొచ్చింది, గోడకు తిరిగి కూచున్యా ఎట్ల తప్పకుండా వచ్చింది అంటే ఆయన నవ్వి నరాల బలానికి మాత్రలు రాసిచ్చినాడు.

నేను ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. పెనుకొండలో రైలు ఆగినప్పుడు మాత్రం కండ్లు మూసుకున్యా నిద్ర రాదు. చచ్చిపోయిన మా నాయన ఆ రోజు నాకొక మాట చెప్పినాడనుకుంటే, నేను దాన్ని తిరగేసి అర్థం చేసుకున్యా. చెప్పలేదనుకుంటే, ఆ చప్పుడు యాడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. ఆ చెవిలో మళ్లీ ఏదీ మోగల్యా.