ఒకటే టక్కా, టకటకానా?

చిలకలూరిపేట బైపాసు పక్కన రేకుల షెడ్డులో ఒక కరెంటు మేస్త్రి ఉండేవాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. స్టార్టు కాని పాత కారు ఏది తెచ్చినా మనల్నే తాళం తిప్పమని, మన పెదాల వంక చూస్తూ, "ఏమందండీ? ఒకటే టక్కా, టకటకానా?" అని అడిగేవాడు. ఒకటే టక్కయితే సెల్ఫ్ మోటారు, టకటకయితే బ్యాటరీ.

నేను మిర్చి కొట్లో పెరిగినవాణ్ణి. డాక్టరుకైనా సగమే నిజం చెప్తాను. ఒకసారి నా కారు టకటకలాడింది. కొత్త బ్యాటరీ కొనిపిస్తాడేమోనని, "ఒకటే టక్కు మేస్త్రీ" అన్నాను. రోడ్డు అవతలివాళ్లకు కూడా వినపడే చప్పుడది. ఆయన తలూపి, కారు కిందికి దూరి సెల్ఫ్ మోటారు విప్పడం మొదలుపెట్టాడు.

నేను నోరు తెరిచి చూస్తుంటే ఆయన భార్య దగ్గరికొచ్చింది. "చెవులు పోయినై అన్నయ్యా. ఎవరితో అనబాకండి, ఈ పనే మాకు కూడు" అంది. అననని మాటిచ్చాను.

సాయంత్రం కొట్లో నా తెలివికి నేనే మురిసిపోతూ అందరికీ చెప్పాను. కడుపుబ్బా నవ్వారు. పత్తి తీతల నాటికి ఆ షెడ్డు ముందు బండి ఆగడం మానేసింది.

మళ్లీ కారు మొరాయిస్తే అక్కడికే వెళ్లాను. మేస్త్రి పరుగున ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరొక్కరే వస్తన్నారు సార్. మిగతావాళ్లకి నేనేం తప్పు చేశానో తెలవట్లా."

ఆ చెయ్యి వదిలించుకోవడానికి కారు తాళం అందించాను.