నాలుగున్నర మెట్టులో దగ్గు

ఎదుటివారి వాక్యంలో బరువంతా ఏ పదం మీద ఆని ఉందో పట్టుకోవడం కళాశాల డిబేట్ జట్టులో మాకు నేర్పిన మొదటి పాఠం. ఆ అలవాటు చొప్పునే మా మేనత్త అన్న ఒక చిన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ పదం ‘ఊపిరి’.

ప్రత్తిపాడు దాటాక వచ్చే మా ఊరి చర్చిలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి హార్మోనియం అత్తదే. కాళ్ళతో తొక్కితే తిత్తుల్లో గాలి నిండి, వేళ్ళతో మెట్లు నొక్కితే పలికే పెద్ద పెట్టె అది. బడికి పాఠం చెప్పడానికి వెళ్తూ స్కూటీ మీద నుంచి పడి అత్త ఎడమ మోకాలు దెబ్బతిన్నది. తొక్కడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. సంఘం ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చింది. అత్త దాని ముందు కూర్చుని ఒక చరణం వాయించి లేచింది.

“దీనికి ఊపిరి లేదే,” అంది నాతో. వెళ్ళి ఆడవాళ్ళ వరుసలో చివర కూర్చుంది. పెట్టె మీద దుప్పటి కప్పారు. రైతులు తొలి మిరపకాయలూ పత్తీ బలిపీఠం ముందు పెట్టే కోత పండుగ దగ్గర పడుతోంది. ఆ పండుగ పాటకు ఈసారి అత్త వేళ్ళు ఉండవని అందరూ ఒప్పేసుకున్నారు. నాకు ఒప్పుకోవడం చేతకాలేదు.

ఊపిరి అంటే ఏమిటి? అది పెట్టెలో ఉందా, అత్త కాలిలో ఉందా, వేళ్ళలో ఉందా? వేళ్ళు బాగానే ఉన్నాయి. కాలు నేను అప్పు ఇవ్వగలను. పెట్టె గొంతును మాత్రం ప్లాస్టిక్ మెట్ల కిందికి చేర్చాలి. అందుకు మార్గం ఉంది. ఒక్కొక్క మెట్టు పలికే స్వరాన్ని విడిగా రికార్డు చేసి, కంప్యూటరులో ఏ శబ్దం ఏ మెట్టుకు చెందుతుందో అమర్చాలి. దీన్ని మ్యాపింగ్ అంటారు. ఆ తరువాత కీబోర్డును కంప్యూటరుకు కలిపి నొక్కితే పాత పెట్టె గొంతే పలుకుతుంది.

“నువ్వు నొక్కు అత్తా, తొక్కేది నేను.”

“నువ్వు తొక్కితే అది హార్మోనియం కాదే, రైసు మిల్లు,” అంటూనే అత్త చర్చికి వచ్చింది.

స్నేహితురాలి మైకును తిత్తుల దగ్గర నిలబెట్టాను. నేను తొక్కుతుంటే అత్త మెట్టు పేరు చెప్పి నొక్కేది. హార్మోనియం వాళ్ళకు మెట్లన్నీ అంకెలే. తెల్లవి ఒకటి, రెండు, మూడు. వాటి మధ్యన నల్లవి ఒకటిన్నర, రెండున్నర. ప్రతిదీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. స్వరం పుట్టే ముందు తిత్తి గాలి పీల్చే చిన్న సవ్వడి ఒకటి ఉంటుంది. పాఠాలు చెప్పే వీడియోలన్నీ దాన్ని కత్తిరించమంటాయి. నా వాదమంతా ఆ సవ్వడి మీదే నిలిచి ఉంది కనుక నేను కత్తిరించలేదు.

చర్చి పక్క కళ్ళంలో మిరపకాయలు ఎండుతున్నాయి. అత్త నాలుగున్నర నొక్కిన క్షణాన సంఘ పెద్ద తలుపు తీశారు. ఆయనతో పాటు ఘాటు కూడా లోపలికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి ఆయన దగ్గిన దగ్గు మొత్తం ఆ స్వరంలో కలిసిపోయింది. మళ్ళీ తీద్దామంటే లోపల స్వరం పలికే లోహపు రేకు, రీడు, విరిగి ఆ మెట్టు మూగబోయింది.

“పోనీలే,” అంది, ఆయన్ని వరస కలిపి అన్నయ్యా అని పిలిచే అత్త. “మన పండుగ పాటకి నాలుగున్నర తగలదు. ఉండనీ అన్నయ్య దగ్గు.”

ఇంటికి వచ్చి రికార్డులు వరుసలో పేర్చాను. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, నాలుగు. నా తర్కానికి అక్కడ ఒక లోటు కనబడింది. మూడున్నర ఏది? అది కూడా మూగ మెట్టే అయి ఉంటుందని నిశ్చయించుకుని, దానికొక స్థానం కేటాయించి, మూడు స్వరాన్నే కాస్త పైకి సాగదీసి అందులో కూర్చోబెట్టాను. మిగిలినవన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. ఇంత పొందికైన పట్టికను నేను ఏ పోటీలోనూ తయారు చేయలేదు.

మరునాడు అత్త ఇంట్లో కీబోర్డు పెట్టాం. సరిగమ వరకు హాయిగా వచ్చింది. ‘ప’ దగ్గర దగ్గు వినిపించి స్వరం జారింది. పైకి వెళ్ళేకొద్దీ ఇంకా జారింది.

“ఏంది ఇది? కల్లు తాగొచ్చిందా మన పెట్టె?”

పట్టిక చూపించాను. మూడున్నర మీద వేలు పెట్టి, అత్త కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

“ఒసేయ్ లాయరమ్మా! మూడుకీ నాలుక్కీ మధ్య నల్లమెట్టు ఎక్కడుందే? కళ్ళతో చూడవా? ఇంకా నయం, ఏడున్నర కూడా పెట్టలా. అది ఏలినాటి శనికే ఉంది, హార్మోనియానికి లేదు.”

నిజమే. మెట్లు నా కళ్ళ ముందే ఉన్నాయి, నేను మాత్రం అంకెల న్యాయాన్ని చూస్తూ కూర్చున్నాను. నేనూ నవ్వుతూ మూడున్నరను చెరిపేశాను. స్వరాలన్నీ దిగి తమ తమ మెట్ల మీద కూర్చున్నాయి.

అత్త మళ్ళీ మొదలుపెట్టింది. గాలి పీల్చిన సవ్వడి, వెనుకనే స్వరం. పాట సగానికి వచ్చేసరికి ఆమె కుడి పాదం ఉత్త నేలను తొక్కుతోంది.

పండుగ ముందు సాయంత్రం పాటల సాధనలో అసలు అభ్యంతరం లేచింది. సంఘ పెద్ద కంప్యూటరు వంక చూసి, చేతులు కట్టుకున్నారు.

“ఇదంతా ముందే రికార్డు చేసిందేగా అమ్మాయ్? టేపు పెట్టి దేవుణ్ణి ఆరాధిస్తామా? నేనొప్పుకోను.”

న్యాయమైన ప్రశ్న. ఆయన ఒప్పుకోకపోతే అత్త తిరిగి చివరి వరుసకే వెళ్ళాలి. శబ్దం వేరు, వాయించడం వేరు అన్న నా ప్రతిపాదనకు సిద్ధమై గొంతు సవరించుకున్నాను.

“నువ్వు ఆగవే,” అంది అత్త. “అన్నయ్యా, నువ్వు పాడు. నేను టేపు పెడతాను.”

ఆయన తన గంభీరమైన గొంతుతో ఎత్తుకున్నారు. ఆయన సాగదీసిన చోట అత్త సాగదీసింది, ఆయన ఆగిన చోట ఆగింది. రెండో చరణం మధ్యలో, పాటకు ఏమాత్రం సంబంధం లేని నాలుగున్నరను కావాలనే నొక్కింది. చర్చి అంతా వినిపించేలా ఒక దగ్గు.

ఆయన పాట ఆపి చుట్టూ చూశారు. “ఎవరా దగ్గింది?”

“నువ్వే,” అంది అత్త. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆయనే దగ్గారు. పాడేవాళ్ళు బెంచీల మీద పడి నవ్వుతున్నారు. “దగ్గు నీదే అన్నయ్యా, కాదన్ను. కానీ దగ్గించింది నా వేలు. టేపైతే తప్పు పోతుందా? నువ్వు ఆగితే ఆగుతుందా?”

ఆయన పెదవులు బిగించారు. నవ్వు ఆగలేదు, ఆయనకు కూడా.

“నీతో వాదం పెట్టుకున్నోడిది తప్పు,” అన్నారు. “రేపు మాత్రం నన్ను దగ్గించబోకు.”

‘దగ్గించింది నా వేలు’ అన్న ఆ ఒక్క వాక్యంలో అత్త నా వాదన మొత్తం గెలిచింది. నా జట్టులో అంత పదునైన ముగింపు పలికినవారు లేరు.

మరునాడు బలిపీఠం ముందు మిరప బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు. పెట్టె మీది దుప్పటి తీసి, దాని మీదే కీబోర్డు పెట్టాం. స్పీకర్లు గాలి పీల్చాయి. ఆ సవ్వడి విన్న వెనుక వరుసల ముసలమ్మలు, పాట ఎవరూ ప్రకటించకముందే లేచి నిలబడ్డారు.