అక్షరక్రమంలో విన్న ఆల్బమ్

మా మనవరాలు, ఇదే ఊళ్ళో బర్మామైన్స్ పేటలో ఉండే ఆమె స్నేహితుడు కలిసి హిప్‌హాప్ పాటలు కడతారు. ఆమె హిందీలో, అతను శ్రీకాకుళం యాసలో. రాగం తక్కువ, మాట ఎక్కువ; బీటు మీద మాటను పరుగెత్తించడమే అందులో పని. డెబ్బై దాటాక నాకు ఈ పాట అలవాటైందంటే, వాళ్ళ సాధన మా సోనారి ఇంటి మేడగదిలో జరగడం వల్లే. పక్కనే ఉన్న విమానాశ్రయంలో విమానం లేచినప్పుడల్లా ఆపేసి, ఆ చప్పుడు పోయాక మళ్ళీ మొదలుపెట్టేవారు. మొదట్లో వద్దన్నా వినపడేది. తర్వాత ఆగిపోతే ఎందుకు ఆపారా అని చూసేవాణ్ణి.

వాళ్ళ మొదటి రెండు ఆల్బమ్‌లకూ మంచి పేరొచ్చింది. రాంచీకీ కలకత్తాకూ పిలిపించుకొని పాడించారు. రెండింటి మీదా నేను మా తెలుగు సంఘం పత్రికలో సమీక్ష రాశాను. మొదటిదానిలో కోపం నిజమైనదే గాని అరుపు ఎక్కువైందన్నాను. రెండోదానిలో అరుపు తగ్గి నవ్వు పెరిగిందని, షేర్ ఆటోలో ఇరుక్కు కూర్చోవడం మీద కట్టిన పాట ఒక్కటి చాలునని రాశాను. సొంత మనవరాలి మీద తప్పులెన్నుతారా అని సంఘంలో ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఆమె మాత్రం ఆ పేజీలు కత్తిరించి మేడగది గోడకు అంటించింది.

మూడోది పూర్తయ్యేసరికి ఇద్దరికీ దిగులు పట్టుకుంది. విన్న స్నేహితులు రెండోదానిలా లేదన్నారట. విడుదల చేద్దామని అతను, మానేద్దామని ఆమె. వారం పాటు మాటల్లేవు. ఆఖరికి తగువు నా దగ్గరికి తెచ్చారు.

"తాతయ్యా, నువ్వు విని చెప్పు. బాలేదంటే ఆపేస్తాం, బస్. మన పిల్ల కదా అని మాత్రం చూడకు. సచ్ బోల్నా, నిజమే చెప్పాలి," అంది మనవరాలు.

అతను నెమ్మదిగా అన్నాడు. "ఇది మా నాన్న కత తాతగారు. ఇంట్లో ఇంకా ఇనిపించనేదు."

అతని తండ్రి చాలా ఏళ్ళుగా కాంట్రాక్టు మీద ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడని నాకు తెలుసు. అంతకు మించి నేను అడగలేదు.

పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్ళారు. నేను ఉద్యోగమంతా ఒక ప్లాంటు సాంకేతిక గ్రంథాలయంలో చేశాను. ఏ కాగితమైనా పేరును బట్టి అక్షరక్రమంలో పెడితేనే మళ్ళీ చేతికి దొరుకుతుందన్నది నాకు పట్టుబడిన పద్ధతి. ఇంట్లో క్యాసెట్లూ పచ్చళ్ళ సీసాలూ కూడా అలాగే ఉంటాయి. పాటలను కంప్యూటర్లోకి ఎక్కించి, పేర్ల ముందున్న అంకెలు రికార్డింగు తాలూకు లెక్కలనుకొని చెరిపేసి, పేర్లు తెలుగులో రాసి, అకారాదిగా అమర్చుకున్నాను. పాత రెండు ఆల్బమ్‌లూ ఇలాగే విన్నాను.

మొదట 'ఇంటికి' వచ్చింది. తండ్రి ఇల్లు చేరి, మూత తీయని టిఫిన్ డబ్బా వంటగట్టు మీద పెడతాడు. భార్య ఏమీ అడగదు. అందరూ కింద కూర్చుని ఆ డబ్బాలోని చల్లారిన అన్నమే పంచుకొని తింటారు. అందులో ఏముందో నాకు అంతుపట్టలేదు. తర్వాత 'గేటు', 'చెల్లి', 'టిఫిను'. ఇంట్లో తిన్న మనిషి మళ్ళీ గేటు దగ్గర నిలబడి ఉంటాడు. కాసేపటికి అదే డబ్బాలో భార్య అన్నం సర్దుతూ ఉంటుంది. అన్నిటికన్నా చివర 'సైరను', అందులో తెల్లవారుతుంది. ఒక్కో పాటలో మాట బాగానే ఉంది. మొత్తం మీద చెదిరిన కాగితాల కట్టలా ఉంది. ఇంకోసారి విన్నాను. ఇంకా చెదిరినట్టే తోచింది.

పిల్లలు దారి తప్పారనుకున్నాను. ఆ రాత్రి డైరీలో వాతావరణం మాత్రం రాసి మూసేశాను. అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. నిజం చెబితే ఆ అబ్బాయి తన తండ్రి కథను పెట్టెలో పెట్టేసుకుంటాడు. చివరికి ఉన్నదున్నట్టే సమీక్ష రాశాను.

ఆదివారం సాయంత్రం ఇద్దరూ వచ్చారు. వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. 'కథ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కవులకే తెలియనట్టుంది' అన్న వాక్యం దగ్గర మనవరాలు అతనికేసి చూసి, "మైనే కహా థా న, నేను చెప్పలేదూ," అంది. అతను చెప్పులు వేసుకోవడానికి లేచాడు. లేచినవాడు, ఒక కాలు చెప్పులో పెట్టి ఆగాడు.

"తాతగారు, మీరు ముందర ఏ పాట ఇన్నారు?"

"'ఇంటికి'."

"అది ఆకరి పాట కదండీ."

నేను కంప్యూటరు తెచ్చి చూపించాను. మనవరాలు తెరవంక చూసి, నావంక చూసి, నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడింది. "అఆఇఈలు పెట్టాడు. తాతయ్య మా ఆల్బమ్‌ని డిక్షనరీ చేసేశాడు."

"మాకు చెడ్డ బయం పెట్టేసినారండి," అని అతను చెప్పు విడిచేశాడు.

అంకెలు మళ్ళీ వేయించి, ముగ్గురం అక్కడే కూర్చుని మొదటినుంచి విన్నాం. సైరను మోగుతుంది, తెల్లవారుతుంది. భార్య డబ్బా సర్దుతుంది. చెల్లెలు స్కూలు బూట్ల కోసం మారాం చేస్తుంది. గేటు దగ్గర, కాంట్రాక్టు ముగిసిందని పాసు వెనక్కి తీసుకుంటారు. ఆ మనిషి సాయంత్రం దాకా ఊరంతా తిరుగుతాడు, తినడు. అప్పుడొస్తుంది 'ఇంటికి'. మూత తీయని డబ్బాను చూడగానే భార్యకు సంగతి తెలిసిపోతుంది. అందుకే ఏమీ అడగదు. నలుగురూ ఆ అన్నం తింటుంటే, చివరి ముద్ద దగ్గర తండ్రికి నవ్వొస్తుంది. బీటు కూడా ఆగిపోయి, ఆ నవ్వొక్కటే ఉంటుంది.

పాట అయింది. మనసు అంత తేలికపడి ఎన్నాళ్ళయిందో. అబద్ధం చెప్పనక్కర్లేదు, నిజం చెప్పడానికి భయపడనక్కర్లేదు.

రాసింది చింపేసి, వాళ్ళ ముందే కొత్తది మొదలుపెట్టాను. అందులో ముందుగా రాసింది నా పొరపాటు గురించే. పాత రెండు ఆల్బమ్‌లను అక్షరక్రమంలో విన్నా ఏమీ పోలేదు, ఎందుకంటే అక్కడ ఏ పాటకా పాట తన కాళ్ళ మీద నిలబడింది. ఇక్కడ ఒక్క పాటను జరిపినా ఇల్లంతా కదిలిపోయింది. రెండోదానిలా లేదని స్నేహితులు అన్నది నిజమే, అదే దీని గొప్ప అని రాశాను. లోపాలూ వదల్లేదు. 'గేటు'లో డ్రమ్ము అతని తెలుగును మింగేసింది. 'చెల్లి' మధ్యలో మనవరాలు తన గొప్ప చెప్పుకున్న నాలుగు హిందీ పంక్తులు పాత ఆల్బమ్ నుంచి జారిపడ్డట్టున్నాయి.

"ఆ నాలుగూ తీసేస్తాను," అంది ఆమె, ముఖం కొంచెం ముడుచుకొని. "డ్రమ్ము కూడా తగ్గించు," అని అతనికి పురమాయించింది. తగువు తర్వాత వాళ్ళు మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడం నేను విన్నది అప్పుడే.

పైనుంచి చిన్న విమానం పోతుంటే అలవాటుగా ముగ్గురం ఆగాం. చప్పుడు తగ్గాక అతను అడిగాడు.

"అయితే తాతగారు, రిలీజ్ సేసెత్తామా?"

"చేయండి. ముందు మీ నాన్నకు వినిపించి."

"ఆయనేటంటాడో."

"ఏమన్నా సరే, పక్కన కూర్చుని విను. వరుస మాత్రం మార్చకు."

అతను పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకొని బొత్తాం పెట్టుకున్నాడు. మనవరాలు స్కూటర్ తీసింది. ఇద్దరూ బర్మామైన్స్ వైపు వెళ్ళారు.