మా ఆయన తలకు చేసిన చిప్ప

గల్ఫ్‌లో, ఘాలా అనే చోట నేను ఊడ్చి తుడిచే వర్క్‌షాపులో ఎముకలకు బదులు పెట్టే టైటానియం ముక్కలు తయారవుతాయి. పిండికంటే సన్నటి లోహపు పొడిని మిషన్ పొర మీద పొర పరుస్తుంది. లేజర్ వెలుగు దాన్ని కరిగించి అతికిస్తుంది. ఒకరోజు దవడ ముక్క, ఇంకోరోజు తుంటి గిన్నె. ఎవరివో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించేది కాదు.

ఒక ఏడాది మా ఆయనకు పెట్టే ముక్కా అక్కడే చేశారు. ఆయన పనిచేసే బిల్డింగ్ సైట్‌లో పైనుంచి చెక్క పడి తల పగిలింది. మెదడు వాచిందని డాక్టర్లు ఎడమవైపు ఎముక తీసేశారు. నాలుగు నెలలు అక్కడ చర్మం గుంటపడి ఉంది. ఆయన దగ్గితే అది కదిలేది. ఏ దెబ్బ తగిలినా ప్రాణానికే ముప్పని చెప్పారు. డ్యూటీ దిగాక, ఆయన తోటి పనివాళ్లతో ఉండే రూమ్‌కు పోయి అన్నం పెట్టి, ఆ గుంట చూస్తూ కూర్చునేదాన్ని. భయపడ్డానని చెప్పలేను. ఏడవలేదు కూడా.

గురువారం పొద్దున మా సూపర్‌వైజర్ పిలిచాడు. హైదరాబాదు సాయిబు, నాకంటే చిన్నవాడు.

“అక్కా, మీ ఆయనది అయింది, చూస్కో. ఆదివారం ఆపరేషన్ పక్కా.”

బల్ల మీద బూడిదరంగు చిప్ప. ఎముక పట్టుకోవడానికని అంచుల్లో జల్లెడలా సన్నటి రంధ్రాలు. ఫోన్ వస్తే సూపర్‌వైజర్ బయటికి పోయాడు. మా ఇంట్లో కొత్త చేటైనా పసుపు రాయనిదే వాడం. చేతి తొడుగు తీశాను. పొద్దున పుస్తెల తాడుకు పట్టించిన పసుపు ఇంకా తడిగానే ఉంది. బొటనవేలితో దాన్ని ఒత్తి, చిప్ప అంచున మూడుచోట్ల అద్దాను. మళ్లీ తొడుగు వేసుకున్నాను.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ చిప్పను భూతద్దం కింద పెట్టి చూశాడు.

“క్యా హై యే? పసుపా?”

“నేనే, భాయ్.”

“కొత్త స్కూటర్ అనుకున్నవా అక్కా, పూజ చెయ్యనీకి? ఇది తల లోపలికి పోయేది.”

రెండుసార్లు మిషన్‌లో కడిగించాడు. రంధ్రాల్లో పసుపు పోలేదు. చిప్పను తుక్కు డబ్బాలో వేశారు. మళ్లీ ప్రింట్ చేసేసరికి డాక్టర్ సెలవులో ఉంటాడు, ఆపరేషన్ మూడు వారాలు వెనక్కి పోయింది. తప్పు ఎవరిదో కాగితం కావాలన్నారు. నా వయసు నలభై ఎనిమిది. అక్షరాలు నేర్చుకుని ఏడాది కాలేదు. అయినా తప్పు నాదేనని నేనే తెలుగులో రాసిచ్చాను. ఉద్యోగం తీసేయలేదు. ఆ బల్ల ఉన్న గదిలోకి మాత్రం రావద్దన్నారు.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. ఆయన మాట అప్పటికి మెల్లగా వచ్చేది.

“పసుపేసినవ్. ఉప్పు, కారం మర్శినవా?”

రూమ్‌లో వాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు, గుంట కదిలింది. నేను గిన్నెలు కడగడానికి లేచాను.

ఆ మూడు వారాలు అవసరానికి తప్ప ఆయన్ని మంచం దిగనివ్వలేదు. బాత్‌రూమ్‌కు పోతే తలుపు బయట నిలబడేదాన్ని. నేను డ్యూటీలో ఉన్నప్పుడు రూమ్‌వాళ్లు వంతులేసుకుని చూసేవాళ్లు. రెండో చిప్ప ఎలా వచ్చిందో నేను చూడలేదు.

ఆపరేషన్ అయ్యాక మధ్యాహ్నం వార్డుకు తెచ్చారు. కట్టు కింద తల రెండువైపులా సమంగా ఉంది. నర్సు ఆయన పేరు అడిగితే చెప్పాడు. ఊరు అడిగితే చెప్పాడు. నన్ను చూపించి ఎవరని అడిగింది.

“మా ఇంటిది” అన్నాడు.

ఆయన్ని మాట్లాడిస్తూ ఉండమని నర్సు నాకు చెప్పింది. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను.